స్టార్టరులో రెండు వైర్లు

పోయిన నెలలో మా అమ్మాయి గుంటూరు బ్రాడీపేటలోని మా మేడమీద ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టుకుందామని త్రీఫేజు కరెంటు తీసుకుంది. అర్జీ ఫోనులోనే పెట్టింది. ఒకరోజు పొద్దున ఇద్దరు కుర్రాళ్లు స్కూటరు మీద వచ్చి, నేను వాళ్లకి కాఫీ కలిపి తెచ్చేలోపు మీటరు బిగించేశారు. వాళ్లలో ఒకతను జేబులోంచి అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద డబ్బా తీసి, దాని మూడు క్లిప్పులు మూడు వైర్లకు తగిలించాడు. డబ్బా మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. "వరస కరెక్టేనమ్మా. మోటార్లు సరైన వైపే తిరుగుతాయి" అన్నాడు. కళ్లు మూసి తెరిచేంత పని. నేను గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాను. మా అమ్మాయి కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది. వేసుకున్నాను. అది బీపీ కాదు. వాళ్ల తాతయ్య మోకాలు లేతు మిషను దగ్గర విరిగిందని దానికి తెలుసు. ఎలా విరిగిందో అది అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నాకు పందొమ్మిదేళ్లప్పటి సంగతి. చిలకలూరిపేటలో, ఊరి చివర, చర్చి వెనక వీధిలో మా ఇల్లు. పత్తి కాయలు పగిలే రోజులొచ్చాయంటే బోరాలు వేసుకున్న లారీలు రోడ్డు పొడుగునా నిలబడేవి. దూది పోగులు గాలిలో తేలుతూ వచ్చి ఆరేసిన బట్టలకీ, పెరుగు మీది మీగడకీ, నాయనమ్మ కళ్లజోడుకీ అంటుకునేవి. ఎండలు ముదిరేసరికి దూది తగ్గి మిరప ఘాటు మొదలయ్యేది. వీధిలో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవారు. మా ఇంట్లో మాత్రం ఏ కాలంలోనైనా ఒకటే వాసన. కాలిన ఇనుప రజను, సబ్బునూనె, కిరసనాయిలు, మూడూ కలిసిన వాసన. మా అన్నానికి కూడా ఆ వాసన పట్టిందని వచ్చిన చుట్టాలు దెప్పేవాళ్లు. మాకు తెలిసేది కాదు.

ఇంట్లో ముగ్గురం. నాన్న, నాయనమ్మ, నేను. అమ్మ నా ఆరో ఏటనే పోయింది. నాన్న పేరు దేవసహాయం. ఊళ్లో అందరికీ సహాయం మేస్త్రీ. చాలా ఏళ్లు పత్తిలోంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి, ఎవరో పొగాకు వ్యాపారి పాత సామాను అమ్మేస్తుంటే అందులో ఇనుము తిప్పి చెక్కే ఒక లేతు మిషను సంపాదించి, ఎడ్లబండి మీద ఇంటికి తోలుకొచ్చి, పెరట్లో రేకుల షెడ్డు వేసి అందులో నిలబెట్టాడు. రోజూ పొద్దున పాత పంచె ముక్కతో దాని ఒళ్లంతా తుడిచి, నూనె చుక్కలు వేసి, తలవంచి ఒక్క నిమిషం ప్రార్థన చేసుకునేవాడు. మాట తక్కువ. కోపం వస్తే ఇంకా తగ్గిపోయేది. మధ్యాహ్నం అన్నానికి ముందు కిరసనాయిలూ రంపపు పొట్టూ కలిపి చేతులు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు ఆదివారం చర్చికి కూడా ఆయన వెంట వచ్చేది.

నేను ఇంటరు అయ్యాక పైచదువులకి పోలేదు. పోనివ్వక కాదు, నాకే షెడ్డు ఇష్టం. జడ పైకి చుట్టి గుడ్డ కట్టుకుని, ఓణీ కొంగు బిగించి దోపుకుని, నాన్న పక్కన నిలబడి పని చేసేదాన్ని. ఏడాది తిరిగేసరికి చిన్న బుష్షులూ, పిన్నులూ నా చేతిమీదే అయ్యేవి. "ఆడపిల్లకి ఇనుము తిప్పడం నేర్పిస్తున్నావేంట్రా సహాయం?" అని చర్చి దగ్గర పెద్దవాళ్లు అడిగితే, "అది నాకన్నా సన్నంగా తిప్పుద్దండీ" అనేవాడు. నా ముందు ఎప్పుడూ అనలేదు. ఆ మాట నాయనమ్మ వచ్చి చెప్పింది. అది విన్న దగ్గర్నుంచి నాకు కొంచెం తలకెక్కిందని ఇప్పుడు అర్థమవుతోంది.

లేతు వచ్చాక రెండేళ్లు గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫేజు. దానికి కావలసింది మూడు. నాన్న కరెంటాఫీసు చుట్టూ తిరిగాడు. ఇళ్ల మధ్య మోటారు ఏంటని వీధివాళ్లు అడ్డుపడితే ఇంటింటికీ వెళ్లి గుమ్మంలో నిలబడి నచ్చజెప్పాడు. చివరికి స్తంభం మీద నుంచి మా షెడ్డుకి నాలుగు తీగలు లాగిన రోజున వీధంతా వచ్చి తలలెత్తి చూసింది. త్రీఫేజు పగలు కొన్ని గంటలే ఉండేది. అందులోనూ ఒక్కోసారి ఒక ఫేజు పోయేది. అప్పుడు మోటారు ఆడిస్తే కాలిపోతుంది. అందుకని నాన్న ఒక చెక్కకి మూడు బల్బులు బిగించి, ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు, ఒకదానికి నీలం రంగు పూసి, షెడ్డు గుమ్మం మీద పెట్టాడు. ఒక్కో ఫేజుకి ఒక్కో బల్బు. వాటిని చూస్తుండడం నాయనమ్మ పని. అరుగు మీద చింతపండు గింజలు తీస్తూనో, ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతూనో ఆ చెక్క వంక చూస్తుండేది. ఆమె ఆ మూడింటికీ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని పేర్లు పెట్టుకుంది. "ఒరేయ్ సహాయం, పరిశుద్ధాత్మ ఆరిపోయిందిరా!" అని కేకేస్తే నాన్న పరుగున వెళ్లి మెయిను కట్టేసేవాడు. పాస్టరుగారు ఒకసారి విని, నవ్వాలో కోప్పడాలో తెలియక వెళ్లిపోయారు.

ఇంకో సంగతి చెప్పకపోతే ముందు జరిగేది అర్థం కాదు. మూడు ఫేజులకీ ఒక వరస ఉంటుంది. ఆ మూడు వైర్లలో ఏ రెండు తారుమారైనా మోటారు ఎదురు తిరుగుతుంది. పనిని పట్టుకుని తిప్పే చక్కు అనే బరువైన ఇనుప దిమ్మ మా పాత లేతుకి మరలతో బిగుసుకుని ఉండేది. సరైన వైపు తిరిగినంతసేపూ ఇంకా బిగుస్తుంది. ఎదురు తిరిగితే సీసా మూతలా ఊడి వస్తుంది. రెండు చేతులతో ఎత్తితే నడుము పట్టేసేంత బరువు అది. అందుకే నాన్న నాకు మొట్టమొదట నేర్పింది బొల్టు బిగించడం కాదు. "వైరు ముట్టుకున్నావా, చక్కు తీసేసి ఒట్టి మోటారు ఒకసారి ఆడించి చూడు. తొందరగా ఉంటే రెండుసార్లు చూడు" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

పత్తి సీజను చివరి రోజులు. ముందురోజు సాయంత్రం గాలిదుమ్ము లేచి, రేకులు ఎగిరి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు దగ్గర తీగలు తెగిపడ్డాయి. పొద్దున్నే కోటేశు వచ్చి స్తంభం ఎక్కాడు. కోటేశు మా వైపు లైన్‌మన్ పని చేసే కుర్రవాడు. పాతికేళ్లుంటాయి. పర్మనెంటు కాలేదు. ఆ ఏడు అవుతుందని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను కోటేశన్నా అనేదాన్ని. అతను పైన తీగలు కలుపుతుండగానే మిల్లునుంచి కబురొచ్చింది. జిన్నింగు మిషను పుల్లీ బోరు, అంటే నడిమి కన్నం, అరిగిపోయింది, మిల్లు ఆగిపోయింది, మధ్యాహ్నానికల్లా కావాలి. నాన్న పుల్లీ తేవడానికి మిల్లుకి వెళ్లాడు. కరెంటు లేదు. షెడ్డులో నేను ఒక్కదాన్నే.

మోటారుని ఆడించి ఆపే బొత్తాల పెట్టె, మా స్టార్టరు, అప్పటికి కొన్నాళ్లుగా చిటచిటలాడుతోంది. లోపల కరెంటు కలిపే పాయింట్లు నల్లబడ్డాయి, గరుకు కాగితంతో రుద్దాలి అని నాన్న అనుకుంటూనే ఉన్నాడు. కరెంటు లేదు కదా, ఆయన వచ్చేలోపు చేసేద్దాం అనుకున్నాను. మెయిను కట్టేశాను. మూత విప్పాను. అడ్డంగా ఉన్నాయని మోటారుకి వెళ్లే వైర్లలో రెండు ఊడదీశాను. పాయింట్లు అద్దంలా మెరిసేదాకా రుద్దాను. మళ్లీ బిగించబోతే, మూడు వైర్లూ నల్లవే. నాన్న గుర్తుకి వాటికి రంగు దారాలు చుట్టాడు గాని ఏళ్ల తరబడి పట్టిన జిడ్డుతో అవీ నల్లబడిపోయాయి. ఏది ఎక్కడిదో నాకు తెలుసనే అనుకున్నాను. అంత నమ్మకంగా అనుకున్నందుకే బిగించేశాను. ఒట్టి మోటారు ఆడించి చూద్దామంటే కరెంటు లేదు. వచ్చాక చూద్దాంలే అనుకుని మూత పెట్టి, మెయిను వేసేశాను.

కరెంటు, నాన్న, ఒకేసారి వచ్చారు. "వెలిగాయిరా, ముగ్గురూ వెలిగారు!" అని అరుగుమీంచి నాయనమ్మ కేక. వెనకే మిల్లు జీపు దిగి నాన్న, ఇద్దరు కూలీలు మోసుకొస్తున్న పుల్లీ. ఆయన ముఖం చెమటతో తడిసి ఉంది. ఆ వచ్చిన ఊపులోనే పుల్లీని చక్కులో పట్టించి, నిలువూ అడ్డం చూసి బిగించాం. నేను స్టార్టరు విప్పానని ఆయనకి చెప్పాలి. చెబితే చక్కు తియ్యమంటాడు, అంత కష్టపడి సరిచేసిన పుల్లీ మళ్లీ మొదటికి వస్తుంది, గంట పోతుంది. మిల్లువాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు. పని అయ్యాక చెబుదాం, పాయింట్లు చూసి మెచ్చుకుంటాడు అనుకున్నాను.

"బెల్టు వదులైనట్టుంది, చూస్తాను. ఆన్ చెయ్యి" అంటూ నాన్న లేతు వెనక్కి, మోటారు దగ్గరికి వెళ్లి వంగాడు. నేను పచ్చ బొత్తాం నొక్కాను.

"ఆపు! ఎదురు తిరుగుతోంది, ఆపవే!"

వీధి అవతలికి వినబడేంత కేక అది. ఎర్ర బొత్తాం మీదికి నా చెయ్యి వెళ్లేలోపే చక్కు పుల్లీతో సహా ఊడి మిషను పట్టాల మీద పడింది. గుడి గంట పగిలితే అలా ఉంటుందేమో ఆ చప్పుడు. పడింది పడినట్టు ఉండకుండా గిర్రున తిరుగుతూ వెనక్కి దొర్లింది. నాన్న లేవబోతున్నాడు. అది ఆయన కుడి మోకాలి మీద పడింది. ఆయన అరవలేదు. గోడకి వీపు ఆనించి మెల్లగా కిందికి జారాడు. మొట్టమొదట నాతో అన్న మాట, "మెయిను కట్టెయ్యి."

ఆ తర్వాత అంతా జనమే. మిల్లు కూలీలు ఆయన్ని ఎత్తి జీపులో పడుకోబెట్టారు. నాయనమ్మ చింతపండు చేతులతోనే ఎక్కి ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. పేటలో చూసిన డాక్టరు, మోకాలి చిప్ప ముక్కలైంది, గుంటూరు తీసుకెళ్లమన్నాడు. నేను కూడా ఎక్కబోతుంటే వీధిలో మాటలు మొదలయ్యాయి. ఎదురు తిరుగుతోందన్న కేక అందరూ విన్నారు. పొద్దున్న కోటేశు స్తంభం మీద తీగలు కలపడం అందరూ చూశారు. ఆ రెండూ కలుపుకున్నారు.

"ఆ కోటేశుగాడు ఫేజులు మార్చి కలిపాడ్రా. మనిషి ప్రాణం తీసేవాడే!"

కోటేశు అప్పటికే పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. ఎవరో కాలరు పట్టుకున్నారు. అతను విడిపించుకోలేదు. జీపు పక్కన నిలబడి, "మేస్త్రీగారూ, తొందరలో మార్చి కలిపానేమోనండీ, నాకు గుర్తు రావట్లేదండీ" అన్నాడు. నాన్నకి అప్పటికే స్పృహ సగం లేదు. నేను కోటేశు ముఖం చూశాను. ఎక్కి నాయనమ్మ పక్కన కూర్చున్నాను. జీపు కదిలింది.

గుంటూరు దారంతా నా బుర్రలో ఒకటే లెక్క. కోటేశు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మార్చి ఉంటే ఆ తీగల మీద ఉన్న మోటార్లన్నీ ఎదురు తిరగాలి. మా వీధిలో అలాంటి మోటారు ఇంకొకటే ఉంది, మా తర్వాత వచ్చిన రాఘవమ్మగారి పిండిమర. గాలికి ఆమె పాక కప్పు లేచిపోయి ఆ రోజు మర ఆడలేదు. ఆడి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. నాన్నకి ఆ రోజే ఆపరేషను చేశారు. కాలు ఉంటుంది గాని మడత పడదన్నారు. మర్నాడు పొద్దున బట్టలూ గిన్నెలూ తెమ్మని నాయనమ్మ నన్ను మొదటి బస్సుకి పేట పంపింది. "పది గంటలకి కరెంటాఫీసు ఇంజనీరు, ఏ.ఈ.గారు, విచారణకి వస్తున్నారంట, మన షెడ్డు చూపించి రా" అని కూడా చెప్పింది.

ఇంటికి వచ్చి బట్టలు ముట్టుకోలేదు. నేరుగా షెడ్డులోకి వెళ్లాను. చక్కు పడినచోటే ఉంది. మెయిను కట్టేసి ఉందని మూడుసార్లు చూసి, స్టార్టరు మూత విప్పి, కిరసనాయిల్లో గుడ్డ ముంచి ఆ దారాల జిడ్డు తుడిచాను. నెమ్మదిగా రంగు బయటపడింది. పసుపు ఉండాల్సిన చోట ఎరుపు. ఎరుపు ఉండాల్సిన చోట పసుపు. అనుమానం తీరిపోయింది. స్క్రూడ్రైవరు నా చేతిలోనే ఉంది. రెండు స్క్రూలు వదులు చేసి వైర్లు అటుదిటూ ఇటుదటూ చేస్తే ఐదు నిమిషాల పని. ఆపైన మోటారు సరిగ్గా తిరుగుతుంది. కోటేశు తెల్లారకముందే వచ్చి స్తంభం మీద చక్కబెట్టుకుపోయాడని ఊరే చెప్పుకుంటుంది. నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. ఒక స్క్రూ వదులు చేశాను. అబద్ధం ఎందుకు, చేశాను.

"చెల్లెమ్మా."

గుమ్మంలో కోటేశు. నిన్నటి చొక్కానే, చిరిగిన కాలరుతో. లోపలికి రాలేదు. నేను స్టార్టరుకి అడ్డంగా తిరిగి నిలబడ్డాను.

"మేస్త్రీగారికి ఎట్టా ఉంది?"

"కాలు ఉంటదన్నారు. మడత పడదంట."

అతను గుమ్మం చెక్కని గోటితో గీకాడు. "నిన్న రేత్రంతా అదే తలుచుకున్నా చెల్లెమ్మా. ఎర్రది ఎర్రదానికే కలిపినట్టే ఉంది. మళ్లీ కలపలేదేమో అనిపిస్తది. మా ఆవిడ, కాదని చెప్పేయ్, ఎవరు చూడొచ్చారు అంటంది. గుర్తు లేకుండా కాదని ఎట్టా చెప్తాను? ఆయన కాలు పోయింది గదా." మళ్లీ తనే, "ఆయన లేచేదాకా మీ ఇంటికి నీళ్లూ కట్టెలూ నేను చూసుకుంటా. వద్దనొద్దు" అన్నాడు.

అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. స్క్రూడ్రైవరు ఓణీ కొంగులో చుట్టుకుని తలూపాను. అతను వెళ్లిపోయాడు. వదులు చేసిన స్క్రూని మళ్లీ బిగించాను, వైరు ఉన్నచోటే. మంచితనంతో కాదు. చేతులు అంతగా వణుకుతుంటే ఊడదీసిన వైరు కన్నంలోకి దూరదని భయం వేసింది. అదీ నిజం.

పది దాటాక ఏ.ఈ.గారు వచ్చారు. నడివయసు మనిషి, కళ్లద్దాలు, చేతిలో కాగితాల అట్ట. షెడ్డు చూశారు, చక్కు చూశారు, వీధిలోకి వచ్చి కోటేశుని పిలిచారు. చుట్టూ జనం.

"ఏమయ్యా, నువ్వు ఫేజులు మార్చి కలిపావా?"

"కలిపానేమో సార్. గుర్తు లేదు."

"గుర్తు లేదంటే ఎట్టా? అవునా, కాదా?"

"కాదని చెప్పలేను సార్."

ఏ.ఈ.గారు నిట్టూర్చి, అట్ట మీద కాగితం సరిచేసుకుని కలం మూత తీశారు. రాఘవమ్మగారు నా పక్కనే నిలబడి ఉంది. నేను ముందుకి జరిగాను. "సార్, రాయకండి. రాఘవమ్మగారి మర అదే తీగల మీద ఉంది. అది ఒకసారి ఆడించి చూడండి."

ఆయన తలెత్తి నా వంక చూశారు. అంతవరకూ ఆయనకి ఎందుకు తట్టలేదో గాని, తట్టగానే ముఖం మారింది. అందరం కప్పులేని పాకలోకి వెళ్లాం. రాఘవమ్మగారు మరలో చేరిన ఆకులూ దుమ్మూ దులిపి, "జరగండి, జరగండి" అంటూ స్విచ్చి వేసింది. బెల్టు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. "నా మర ఎప్పుడూ ఇటే తిరుగుద్ది గదండీ!" అంది ఆమె. పిండి దుమ్ము మధ్య కోటేశు ముఖం చూశాను. ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఊపిరి వదిలాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. నా ఓణీ కొంగులో పొద్దున చూసిన ఉబ్బు గుర్తొచ్చిందో, నా ముఖమే చెప్పిందో, అతనికి తెలిసిపోయింది.

"అయితే తప్పు ఆ షెడ్డులోనే ఉంది" అన్నారు ఏ.ఈ.గారు.

"పాత సామాను సార్" అన్నాడు కోటేశు గబగబా. "పాత వైర్లు. అట్టాంటివి ఒక్కోసారి వాటంతట అవే... ఎవరి తప్పూ కాదులెండి సార్, రాసుకోండి."

వైర్లు వాటంతట అవి మారవని ఆ పాకలో నాకూ, అతనికీ, ఏ.ఈ.గారికీ తెలుసు. నా కోసం అతను అంత గడుసుగా అబద్ధమాడుతుంటే ఇంక నిలవలేకపోయాను. "స్టార్టరు విప్పింది నేను సార్. వైర్లు మార్చి బిగించింది నేను. నాన్నకి చెప్పలేదు. బొత్తాం నొక్కింది కూడా నేనే" అన్నాను. మర ఆడుతోంది కదా, వెనకవాళ్లకి వినబడలేదు. ఏమంటోంది, ఏమంటోంది అని అడిగారు. రాఘవమ్మగారు మర ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో అదంతా మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి కన్నా రెండోసారి చెప్పడమే ఎక్కువ కష్టమైంది. కోటేశుని కాలరు పట్టుకున్న మనిషి నేల చూపులు చూశాడు. ఏ.ఈ.గారు కలం మూత పెట్టేసి, "మీ నాన్నగారికి చెప్పావా అమ్మా?" అని మాత్రం అడిగారు.

మధ్యాహ్నం బస్సుకి గుంటూరు వెళ్లాను. ఆసుపత్రి వార్డులో నాన్న కాలు ఇసుక సంచుల మధ్య చాపుకుని పడుకుని ఉన్నాడు. నాయనమ్మ విసనకర్రతో విసురుతోంది. నేను నిలబడే చెప్పాను. ఆయన కప్పు వంక చూస్తూ విన్నాడు.

"చక్కు ఎందుకు తియ్యలేదు?"

"పుల్లీ మళ్లీ సరిచెయ్యాలని... మిల్లువాళ్లు నిలబడ్డారని."

"కోటేశు మీద నింద పడిందని నిన్న జీపు దగ్గరే తెలుసుగా నీకు?"

"తెలుసు."

"మరి నిన్న చెప్పలేదే?"

ఆయన తల నా వైపు తిప్పాడు. "మోకాలు నాది. దాని సంగతి నేను చూసుకుంటా. వాడి ఉద్యోగం నీదా? ఒక రోజంతా దాన్ని నీ దగ్గర అట్టి పెట్టుకున్నావే." అంతే. ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. నాయనమ్మ విసరడం ఆపింది. ఆయన నన్ను తిట్టి ఉంటే ఆ రోజు అంత ఏడ్చేదాన్ని కాదు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను గ్లాసు అందిస్తే తీసుకునేవాడు, ఖాళీ గ్లాసు మాత్రం నాయనమ్మకి ఇచ్చేవాడు. నాలుగో రోజు పొద్దున, "పుల్లీ పగిలిందా?" అన్నాడు. లేదు, అంచు చిన్న ముక్క లేచిందంతే అన్నాను. "మరి మిల్లు ఆగే ఉంది. నువ్వెళ్లి బోరు చేసి ఇచ్చెయ్యి." నేను చెయ్యలేనన్నాను. ఆ బొత్తాం నొక్కలేను, వేరేవాళ్లని చూడమని చెబుదాం అన్నాను. ఆయన మోచేతుల మీద కొంచెం లేచాడు. నొప్పికి పెదవి కొరుక్కున్నాడు. "ఇప్పుడు నొక్కకపోతే ఇంకెప్పుడూ నొక్కవు. వెళ్లు."

వెళ్లాను. వైర్లు సరిచేశాను. కొత్త దారాలు చుట్టాను. మిల్లు కూలీలు వచ్చి చక్కు ఎత్తి పక్కన పెట్టారు. చక్కు ఎక్కే ఇరుసు మరలకి దెబ్బ తగల్లేదు. ఒట్టి మోటారు ఆడించడానికి స్టార్టరు ముందు నిలబడ్డాను. లేతు వెనక ఎవరూ లేరని వెళ్లి చూసి వచ్చాను. మళ్లీ వెళ్లి చూశాను. కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడోసారి చూసి వచ్చి నొక్కాను. సరైన వైపే తిరిగింది. ఆపి, మళ్లీ నొక్కాను. ఆ తర్వాత సగం రోజు పట్టింది పుల్లీకి. నా జీవితంలో అంత సన్నంగా ఇంకే పనీ చెయ్యలేదు. మిల్లు ఆ సాయంత్రమే ఆడింది. ఆ ఆడిన చప్పుడు మా వీధి దాకా వచ్చింది. విన్నాను గాని సంతోషం కలగలేదు.

నాన్న ఇంటికి వచ్చాక ఇక లేతు ముందు నిలబడలేకపోయాడు. స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. పెళ్లయ్యి గుంటూరు వచ్చేదాకా ఐదేళ్లు అలాగే నడిచింది. కోటేశు అన్న మాట ప్రకారం నీళ్లు మోశాడు. నీ తప్పు లేదని తెలిశాక కూడా ఎందుకు మోస్తున్నావు అంటే, "మోస్తానన్నాగా" అన్నాడు. రెండేళ్ల తర్వాత పర్మనెంటు అయ్యాడు. ఆ రోజు నాతో మామూలుగానే మాట్లాడాడు. అతను ఎప్పుడూ మామూలుగానే మాట్లాడాడు. ఇప్పుడు రెండు క్షణాల్లో వరస చెప్పే డబ్బాలున్నాయి, వరస తప్పితే మోటారునే ఆడనివ్వని పరికరాలున్నాయి, చక్కులు ఊడకుండా బొల్టులతో బిగిస్తున్నారు. మంచిదే. అప్పుడు మా దగ్గర ఉన్నది ఒక మనిషి మాట మాత్రమే, నేను దాన్ని దాటాను.

ఆ రోజుల్లో మా చర్చిలో అందరం చాపల మీద కింద కూర్చునేవాళ్లం. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. ప్రార్థన అనగానే గుడి మొత్తం మోకాళ్ల మీదికి వంగేది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం, పాస్టరుగారు తన ఇంట్లోంచి ఒక కుర్చీ తెప్పించి మగవాళ్ల వరసల పక్కన వేయించారు. అందరూ వంగారు. అంతమంది వీపుల మధ్య నాన్న ఒక్కడే, కుడికాలు కర్రలా ముందుకి చాచి, కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అంతకుముందు ఆయన ఎక్కడ కూర్చున్నాడో వెతుక్కోవలసి వచ్చేది. ఆ తర్వాత ఏ ఆదివారమూ వెతకలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చెయ్యడం నాకు చాలా ఏళ్లు చేతకాలేదు. ఇప్పుడు నేను వెళ్లే చర్చి నిండా కుర్చీలే. సగంమందికి మోకాళ్ల నొప్పులు, మోకరించేవాళ్లే తక్కువ. ఎవరు ఎందుకు కూర్చున్నారో ఎవరూ పట్టించుకోరు. మా చర్చిలో అప్పుడు ఒకటే కుర్చీ ఉండేది. అది ఎవరి వల్ల వచ్చిందో గుడి మొత్తానికి తెలుసు. నాన్న పోయేదాకా, ఒక్కరు కూడా ఆ మాట నా ముఖం మీద అనలేదు.